పోటు వచ్చేలోగా

ఏప్రిల్ 21, సోమవారం

అక్క ఇంట్లో మోకాళ్ళ దాకా నీళ్ళు. మ్లాతి సందుకు పోటు నీళ్ళు కొత్త కాదు. అక్కడ పుట్టినవాళ్ళకు నడక వచ్చేలోపే మంచాల కింద ఇటుకలు పెట్టడం వస్తుంది. కానీ నిన్నటిది పెద్ద పోటు కాదు. సముద్రం తన దారిన తానుంది. ఊరి నీళ్ళను సముద్రంలోకి తోడే పంపులు మూడో పంపుహౌస్‌లో ఆగిపోయాయి. వాటిని ఆగమన్నది మా ఆఫీసు రాసిన కోడ్.

పొద్దున్న వెళ్ళగానే చూశాను. శుక్రవారం సాయంత్రం బోనార్ అన్న ఒక మార్పు పంపాడు. ఎవరు మార్పు పంపినా ముందు బిల్డ్ మెషీన్ దాన్ని దించుకుని, అసలు కోడ్‌తో కలిపి, పరీక్షించి, పచ్చ గుర్తో ఎర్ర గుర్తో పెట్టాలి. దీనికి ఏ గుర్తూ లేదు. "స్కిప్" అని ఉంది. నొక్కినవాడు బోనారే.

అందరి ముందే అడిగాను.

"పరీక్ష లేకుండా ఎలా పంపావన్నా?"

"ఆ మెషీన్ ముందు కూర్చుంటే గడ్డం నెరుస్తుంది గాతీ. సగం దించేసరికి లైను తెగింది. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ తెగింది. అవతల చర్చిలో పాటల ప్రాక్టీసుకి టైమయిపోతోంది. చిన్న మార్పే కదా అనుకున్నా."

"నువ్వు పాడుకోడానికి మా అక్క మంచాలు తేలాలా?"

నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. మా జావా దీవి వాళ్ళు ఆఫీసుల్లో అరవరు. అందరూ కీబోర్డుల వైపు తలలు దించుకున్నారు. వేరే దీవిలోని మెడాన్ నుంచి వచ్చిన బోనార్ మామూలుగా మాట్లాడితేనే పక్క గదిలోకి వినిపిస్తుంది. అలాంటి మనిషి కూడా తల దించుకున్నాడు.

అనాల్సిందే అన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

బోనార్ గురించి ఇక రాయను.

ఏప్రిల్ 24, గురువారం

సాయంత్రం కింది ఊరికి దిగాను. నేను గుట్ట మీద అద్దె గదిలో ఉంటాను, అక్క సముద్రం పక్కన. పైకి వచ్చి నాతో ఉండమని ఎన్నిసార్లు పిలిచినా "నీ గుట్ట మీద నా కోడి అన్నం ఎవరు కొంటారే" అంటుంది.

సుమినార్ అక్క కొట్టు మళ్ళీ తెరిచింది. గోడలకు నీటి చార ఉంది కాని నేల శుభ్రంగా ఉంది. అంత బురద ఒక్కతే ఎలా ఎత్తిందో. అడుగుదామనుకునేలోపే అరటాకులో కొబ్బరిపాల అన్నం, కోడి ముక్కలు, సొరకాయ కూర పెట్టి ముందుకు తోసింది.

"ఇంతకీ మీ ఆఫీసులో ఏమైందే? మా అబ్బాయి కళావర్ చిన్నప్పుడు తప్పు చేస్తే పెట్టిన మొహంలా ఉంది నీది."

"నాది కాదు తప్పు. ఒకాయన పరీక్షించకుండా పంపాడు. పరీక్షకి దాదాపు గంట పడుతోంది, అందుకని."

"గంటా? ఏం పరీక్షే అది?"

"పరీక్ష చిన్నదే అక్కా. దానికి కావాల్సినవి దించుకోడానికే అంత టైము. నువ్వు ఒక్క ఉల్లిపాయ కుళ్ళిందో లేదో చూడ్డానికి జోహర్ బజారు మొత్తం బండికెత్తి ఇంటికి తెచ్చుకుంటావనుకో. చూడగానే అంతా పారేస్తావు. ఇంకో ఉల్లిపాయకి మళ్ళీ బజారంతా మోసుకొస్తావు."

అక్క గరిటె ఆపి నా వైపు చూసింది.

"అది చేయడానికి మీరంతా కాలేజీల్లో చదివారా?"

పక్క బల్ల మీద తింటున్న రిక్షా ఆయనకు నవ్వాపుకోలేక పొలమారింది.

నవ్వుతూనే ఉన్నాను కాని ఆకు మడిచేసరికి ఒకటి తేల్చుకున్నాను. స్కిప్ చేసినవాళ్ళను తిట్టి లాభం లేదు. ఎవరికీ స్కిప్ చేయాలనిపించనంత త్వరగా పరీక్ష అయిపోవాలి.

ఏప్రిల్ 28, సోమవారం

మా బాస్ హెర్లాంబాంగ్ సార్ మీటింగు పెట్టారు. మే చివరి అమావాస్యకు ఈ ఏడాదిలోకెల్లా పెద్ద పోటు. అప్పటిదాకా పంపుహౌస్‌ల కోడ్‌లో రోజూ మార్పులుంటాయి. కాబట్టి పోటు రోజులు గడిచేదాకా అత్యవసరమైన వాటికి పరీక్ష అక్కర్లేదని ఆయన ఉద్దేశం.

"అత్యవసరం అంటే ఏది సార్?" అన్నాను.

"అవసరమైనవన్నీ అమ్మా."

"మా సందులో మొన్న నీళ్ళొచ్చింది పరీక్ష లేని మార్పు వల్లే కదా సార్."

ఆయన మర్యాదస్తుడు. చిరునవ్వు నవ్వి, "ఆలోచిద్దాం" అన్నారు. మా వైపు ఆలోచిద్దాం అంటే కుదరదని.

"మే మధ్యకల్లా పరీక్ష కాఫీ తాగేంత సేపట్లో అయిపోయేలా చేస్తాను. చేయలేకపోతే మీ ఇష్టం. చేయగలిగితే స్కిప్ మన ముగ్గురికి తప్ప ఎవరికీ ఉండకూడదు."

"ముగ్గురా?"

"మీరు, నేను..." ఆగాను. మూడో పెద్దమనిషి ఎవరో అందరికీ తెలుసు. "బోనార్ అన్న."

అటువైపు చూడలేదు. ఏం మొహం పెట్టాడో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

సార్ సరేనన్నారు. ఈసారి నిజంగానే.

మే 2, శుక్రవారం

మెషీన్ ఇన్నేళ్ళుగా ఏం మోసుకొస్తోందో మొత్తం విప్పి చూశాను. ఆఫీసు పుట్టిన నాటి నుంచి ప్రతి మార్పూ, చెరిపేసిన వాటితో సహా. తీరమంతటి మ్యాపులు, ఒక్కోదానికి నాలుగైదు పాత కాపీలు. అన్ని పంపుహౌస్‌ల పోటు రికార్డులు. అన్నిటికంటే అడుగున, బండుంగాన్‌లో మా ఆఫీసు పిక్నిక్ వీడియో ఒకటి! ఎవరో ఎప్పుడో పొరపాటున కోడ్‌తో కలిపేశారు. తర్వాత తీసేశారు కాని చరిత్రలోంచి పోదుగా. అప్పట్నుంచి ప్రతి పరీక్షకూ ముందు మా మెషీన్ ఆ వీడియో దించుకుంటూనే ఉంది.

అందులో బోనార్ తువ్వాలు తలకు చుట్టుకుని ఆడుతున్నాడు. పక్కన సార్ చప్పట్లు కొడుతున్నారు.

ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. వెనక్కి తిరిగి పిలవబోయి, ఆగిపోయాను.

రాయనన్నాను కదా.

మే 5, సోమవారం

మొదటి ప్రయత్నం: చరిత్ర అక్కర్లేదు, పైనున్న పొర మాత్రం తెమ్మన్నాను. చిటికెలో తెచ్చింది. తెచ్చి, కలపలేనంది. కొత్త మార్పు అసలు కోడ్ నుంచి ఎక్కడ విడిపోయిందో తెలిస్తేనే కదా రెంటినీ కలిపేది. ఆ చోటు నేను తేవద్దన్న చరిత్రలో ఉంది. తాతల పేర్లు చెరిపేసి వీళ్ళిద్దరూ ఏమవుతారో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

కలపకుండా మార్పును ఒక్కదాన్నే పరీక్షిస్తే? పచ్చ గుర్తు వస్తుంది. అసలు కోడ్‌లో చేరాక కొట్టుకుంటాయి. వద్దు.

మే 6, మంగళవారం

కుదరలేదు.

మే 7, బుధవారం

కుదరలేదు. కుదురుతుంది.

మే 8, గురువారం

కుదిరింది!

మెషీన్‌లోనే ఒక పూర్తి కాపీ శాశ్వతంగా పెట్టాను. బజారు ఇంటి పక్కనే ఉన్నట్టు. ఎవరైనా మార్పు పంపితే ఆ కాపీలో లేని కొత్త ముక్కలు మాత్రమే దిగుతాయి. విడిపోయిన చోటు కాపీలో ఉంది కాబట్టి కలపడానికి ఇబ్బంది లేదు. పరీక్షకు అక్కర్లేని మ్యాపుల్ని పని చేసే చోటికి తేవద్దన్నాను.

సార్ కాఫీ తెప్పించుకుని మరీ వచ్చి నిలబడ్డారు. ఒక మార్పు పంపాను. ఆయన చక్కెర కలుపుతుండగానే పచ్చ గుర్తు.

"అయిపోయిందా? నిజంగా చూసిందా?"

"చూసింది సార్."

గదంతా చప్పట్లు. బోనార్ కొట్టాడో లేదో చూడలేదు. తర్వాత అతని సీటు నుంచి మార్పులు రావడం మొదలయ్యాయి, ఒకదాని వెనక ఒకటి, అన్నీ పరీక్ష గుండానే. బాగుందని ఒక మాట అనలేదు. నాకు అక్కర్లేదు కూడా.

మే 13, మంగళవారం

మధ్యాహ్నం బోనార్ నా సీటు దగ్గరికి వచ్చాడు. ఆ రోజు తర్వాత ఇదే మొదటిసారి.

"గాతీ, నీ మెషీన్‌కి చదవడం వచ్చా?"

"ఏం?"

"నేను పొద్దున్న పంపిన దాంట్లో బ్రాకెట్ మూయలేదు. అది పరీక్షదాకా కూడా పోకూడదు, గుమ్మంలోనే పడిపోవాలి. నీ మెషీన్ పచ్చ గుర్తు పెట్టి శభాష్ అంది."

"మూసి మళ్ళీ పంపి ఉంటావు. మర్చిపోయుంటావు."

నా మొహంలోకి ఒక క్షణం చూశాడు.

"అయ్యుండొచ్చు," అన్నాడు మెత్తగా, అచ్చం మా జావా వాళ్ళలా. "నాదే పొరపాటయ్యుంటుంది."

ఎగతాళి. నేను చేసింది బాగుందని ఒప్పుకోలేక సాకులు వెతుకుతున్నాడు.

మే 14, బుధవారం

చూశాను. ఏమీ లేదు.

మే 15, గురువారం

మళ్ళీ చూశాను. ఉంది.

మే 16, శుక్రవారం

లైను తెగినప్పుడు. అంతే. ఇంత చిన్న సంగతి.

లైను తెగితే కొత్త ముక్కలు దిగవు. ఒకప్పుడైతే దిగకపోతే చేతిలో ఏమీ ఉండదు, మెషీన్ ఆగిపోయేది. ఇప్పుడు చేతిలో కాపీ ఉంది, నేను పెట్టినది. దిగలేదన్న సంగతి పట్టించుకోకుండా మెషీన్ అంతకుముందు పరీక్షించినదాన్నే మళ్ళీ పరీక్షించి, బాగుందని చెప్పింది. బోనార్ బ్రాకెట్‌ను అది అసలు చూడనే లేదు.

అంటే ఈ వారంలో పడ్డ పచ్చ గుర్తుల్లో ఏవి నిజమో తెలియదు.

సార్ గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన తలుపు వేశారు.

"మనకు తప్ప ఎవరికైనా తెలుసా?"

"బోనార్ అన్నకి."

"మనతో పనిచేయించుకునే వాళ్ళకి నిన్ననే చెప్పానమ్మా, మా పరీక్షలు ఎంత త్వరగా అవుతున్నాయో. ఇప్పుడు అవన్నీ అబద్ధమని..." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ రోజు నుంచి సరిచేసేయండి. అయిపోయినవి అయిపోయాయి. ఏమీ జరగలేదు కదా."

"పోటు ఇంకా రాలేదు సార్. అందుకే ఏమీ జరగలేదు."

"మీరేం చేద్దామంటారు?"

"మెషీన్ ఆపేస్తాను. ఈ వారం గుర్తు పడ్డ ప్రతి మార్పూ మళ్ళీ పరీక్షిస్తాను. అయ్యేదాకా కొత్తవి ఏవీ వెళ్ళవు."

"పెద్ద పోటు ముందా?"

"పెద్ద పోటు ముందు కాబట్టే."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "ఆలోచిద్దాం" అనలేదు. అది నాకు చాలు.

బయటికి వస్తే బోనార్ నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"సగం నాకివ్వు," అన్నాడు. "పాటల ప్రాక్టీసు లేదులే ఈ వారం."

సగం ఇచ్చాను.

మే 19, సోమవారం

శని ఆదివారాలు ఇద్దరమూ ఆఫీసులోనే. ఎక్కువ మాట్లాడుకోలేదు. పని గురించి మాత్రం మాట్లాడుకున్నాం.

మెషీన్ పచ్చ గుర్తు పెట్టిన వాటిలో రెండింటికి ఇప్పుడు ఎర్ర గుర్తు పడింది. ఒకటి ఇంకా ఆఫీసు దాటలేదు. రెండోది పోయిన బుధవారమే పంపుహౌస్‌లకు వెళ్ళిపోయింది. దాంతో పంపు ఒకసారి ఆగితే మళ్ళీ మొదలవడానికి తప్పుడు సంకేతం కోసం ఎదురుచూస్తుంది. పొద్దున్నే వెనక్కి తీసేశాం.

మెషీన్‌కి కొత్త నియమం రాశాను. ప్రతి మార్పుకూ వేలిముద్ర లాంటి ఒక పొడవాటి గుర్తు ఉంటుంది. ఏ రెండింటికీ ఒకటే ఉండదు. మెషీన్ ఇక మార్పును పేరుతో అడగదు, ఆ వేలిముద్రతో అడుగుతుంది. దించుకున్నాక చేతిలో ఉన్నదాని ముద్ర చూస్తుంది. రెండూ ఒకటి కాకపోతే పచ్చ లేదు, ఎరుపు లేదు, "నా దగ్గర లేదు" అని చెప్పి మళ్ళీ వెళ్ళి తెస్తుంది. ముందటి పరీక్ష మిగిల్చిన ఫైళ్ళన్నీ తుడిచాకే కొత్తది మొదలుపెడుతుంది.

బోనార్ కావాలనే నెట్ వైరు పీకి పీకి చూశాడు. వైరు పీకినప్పుడల్లా మెషీన్ "నా దగ్గర లేదు" అంది.

"మొత్తానికి దీనికి లేదు అనడం వచ్చింది," అన్నాడు. "జావా వాళ్ళ మెషీన్ అంత త్వరగా నేర్చుకుంటుందనుకోలేదు."

నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ రోజు నేను అన్న మాటకు ఏదో చెబుదామని నోరు తెరిచేసరికి ఫోన్ మోగింది, లేచి వెళ్ళాడు.

మే 20, మంగళవారం

అక్క చెప్పింది. నేనేమీ అడగకుండానే, కోడి ఈకలు పీకుతూ.

"మీ ఆఫీసాయన మళ్ళీ రాలేదేమే?"

"ఏ ఆఫీసాయన?"

"గొంతు పెద్దాయన. ఆ నీళ్ళొచ్చిన మర్నాడు వచ్చాడుగా. ప్యాంటు పైకి మడిచి బురదంతా ఆయనే ఎత్తాడు. పక్కింటి ముసలమ్మది కూడా. పాటలు పాడుతూనే ఎత్తాడమ్మా, సందు సందంతా వచ్చి నిలబడింది. మూడు ఆకులన్నం తిన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నాడు. చెబితే నువ్వు ఇక్కడికొచ్చి ఇంకా అరుస్తావన్నాడు."

ఈకలు పీకడంలో సాయం చేశాను. నాకు ఆ పని అసహ్యం.

మే 23, శుక్రవారం

స్కిప్ గురించి చివరి నియమం నేనే రాశాను: మార్పు పంపినవాళ్ళు తమ మార్పుకు తాము స్కిప్ నొక్కలేరు. మిగతా ఇద్దరిలో ఒకరు నొక్కాలి.

సార్ సంతకం పెట్టారు. బోనార్ చదివి, "ఇది నా కోసమేగా," అన్నాడు.

"అందరి కోసం."

"అలాగే చెల్లీ."

మే 26, సోమవారం

పోటు. రేపు రాస్తాను.

మే 27, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న మధ్యాహ్నం సముద్రం పొంగడం మొదలైంది. సార్ మూడో పంపుహౌస్ దగ్గరికి వెళ్ళారు. ఆఫీసులో తెర మీద పంపుహౌస్‌లన్నిటి కొలతలూ చూస్తున్నాం. సముద్రం కాలువ కంటే పైకి లేస్తే గేటు మూయాలి, పంపులు కాలువ నీళ్ళను బయటికి తోడాలి. మనుషులు చెప్పక్కర్లేదు, కోడే చేయాలి.

మూడో పంపుహౌస్ గేటు మూసుకోలేదు.

సార్ ఫోన్ చేశారు. "ఇక్కడ నీళ్ళు గోడ అంచు దాకా వచ్చాయి. గేటు తెరిచే ఉందేమిటి?"

తెర మీద చూశాను. సముద్రం కొలత కదలడం లేదు. సెన్సార్ మీద చెత్తో నాచో అడ్డుపడి ఉంటుంది. పొద్దుటి అంకె దగ్గరే ఆగిపోయింది. కోడ్ దృష్టిలో సముద్రం ఇంకా కిందే ఉంది. తెరిచిన గేటులోంచి సముద్రం నేరుగా కాలువలోకి, కాలువలోంచి మ్లాతి సందులోకి.

అక్కకు ఫోన్ చేశాను. "గడప తడుస్తోందే," అంది మామూలుగా. అక్క గొంతు మామూలుగా ఉంటేనే నాకు భయం.

రాయడం మొదలుపెట్టాను. చాలా చిన్న మార్పు: కొలత చాలాసేపు కదలకుండా ఉంటే దాన్ని నమ్మకు, పక్క పంపుహౌస్ కొలత తీసుకో. పంపాను.

మెషీన్ వెంటనే దించుకుంది, కలిపింది, పరీక్షించింది. ఎర్ర గుర్తు.

ఏ పరీక్షలో పోయిందో చూశాను. అన్ని సెన్సార్లూ ఒకేసారి ఆగిపోతే ఏమవుతుందనే పాత పరీక్ష. దాన్ని చూస్తే నాకు మొదట్నుంచీ చిరాకు. అలా ఎప్పుడు జరుగుతుంది?

"బోనార్ అన్నా, స్కిప్ నొక్కు."

అతను అప్పటికే పంపుహౌస్‌కి ఫోన్ కలుపుతున్నాడు. తలెత్తాడు. "ఏంటి?"

"నా మార్పు. ఎర్ర గుర్తు పడింది కానీ అది ఆ పనికిమాలిన పరీక్ష. దానికీ దీనికీ సంబంధం లేదు. నొక్కు."

"చదివావా?"

"చదవక్కర్లేదు! అక్కడ నీళ్ళొస్తున్నాయి! నొక్కమంటున్నానా?"

"నొక్కను."

"నీకు నా మీద కోపముంటే తర్వాత తీర్చుకో. అది మా అక్క ఇల్లు!"

"తెలుసు. ఆ నేల నేను కడిగాను." అతను అరవలేదు. అంత పెద్ద గొంతూ ఇంత చిన్నదై, ప్రతి మాటా విడివిడిగా వచ్చింది. "నీ మెషీన్ వద్దంటోంది గాతీ. నేను నీ మాట వినట్లేదు. నీ మెషీన్ మాట వింటున్నా. కూర్చుని చదువు. గేటు సంగతి నేను చూస్తా."

ఫోన్‌లో సార్‌తో అన్నాడు. "సార్, గేటు చక్రం చేత్తో తిప్పించండి. ఆ, చేత్తోనే. బరువే. ఉన్నవాళ్ళందర్నీ పట్టమనండి. మీరు కూడా పట్టండి సార్."

నేను కూర్చున్నాను. అతన్ని ఏమేం తిట్టానో ఇక్కడ రాయను.

చదివాను.

మూడో పంపుహౌస్ తన సెన్సార్‌ను నమ్మకపోతే రెండోదాన్ని అడుగుతుంది. రెండోది కూడా తన సెన్సార్‌ను నమ్మకపోతే మూడోదాన్ని అడుగుతుంది. ఇది చెప్పాక చేస్తానని అది, అది చెప్పాక చేస్తానని ఇది. ఆ ఎదురుచూపులో రెండు చోట్లా పంపులు ఆగిపోతాయి. పెళ్ళిచూపుల్లో పెద్దలు మీరు ముందంటే మీరు ముందని ఎవరూ ఫలహారం ముట్టనట్టు.

అలా ఎప్పుడు జరుగుతుంది అనుకున్నాను కదా. తెర మీద రెండో పంపుహౌస్ వైపు చూశాను. దాని సముద్రం కొలత కూడా కదలడం లేదు. ఎప్పటినుంచో కదలడం లేదు. నేను చూడనే లేదు. అక్కడ ఎవరో ముందే గేటు మూశారు కాబట్టి పంపులు నడుస్తున్నాయి, ఊరు నిలబడింది.

అతను స్కిప్ నొక్కి ఉంటే రెండు చోట్లా ఆగిపోయేవి.

మళ్ళీ రాశాను: పక్కది కూడా చెప్పలేకపోతే ఎవరినీ అడగకు, గేటు మూసి పంపు నడుపు. పంపాను. ఎర్ర గుర్తు, ఇంకో చిన్న తప్పు. సరిచేశాను. పంపాను. పచ్చ గుర్తు.

ఏప్రిల్‌లో అయితే ఈ మూడు పరీక్షలకూ సాయంత్రమయ్యేది. నిన్న బోనార్ పట్టుకున్న ఫోన్ కింద పెట్టేలోగా మూడూ అయిపోయాయి.

"చూడు," అన్నాను.

వచ్చి మొత్తం చదివాడు. తొందరేమీ లేనట్టు, పైనుంచి కిందిదాకా. తర్వాత "పంపు" అన్నాడు.

అప్పటికి సార్, పంపుహౌస్ మనుషులు కలిసి మూడో గేటు చేత్తో మూసేశారు. మా మార్పు వెళ్ళగానే అక్కడి పంపులు కూడా తమంతట తాము తోడడం మొదలుపెట్టాయి. సార్ చొక్కా అంతా తుప్పు మరకలతో ఆఫీసుకు వచ్చారు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. చాలా సంతోషంగా ఉన్నారు.

మ్లాతి సందులో నీళ్ళు చీలమండల దాకా వచ్చి ఆగాయి. చీకటి పడేలోపు తీశాయి.

మే 28, బుధవారం

ఏమంటాడో చూద్దామనే స్కిప్ నొక్కమన్నాను. నొక్కనివ్వను కదా నేను.

మే 29, గురువారం

సెలవు. అక్క ఇంట్లో బల్లలు కడిగాను.

మే 30, శుక్రవారం

మొన్న రాసింది అబద్ధం. కొట్టేయను, ఉండనీ.

ఈ రోజు సార్ మీటింగులో నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో ఆపాను. సోమవారం ఏం జరిగిందో అందరి ముందూ చెప్పాను. ఏప్రిల్‌లో నేను అరిచినప్పుడు వీళ్ళంతా విన్నారు కదా, ఇదీ వినాలి. ఎర్ర గుర్తు పడ్డ మార్పును పంపమని నేను అడిగానని, అతను ఒప్పుకోలేదని, ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో. తర్వాత బోనార్ వైపు తిరిగి, "ఏప్రిల్లో నీతో అలా మాట్లాడకుండా ఉండాల్సింది అన్నా," అన్నాను.

"అన్నది నిజమేగా," అన్నాడు. "కాకపోతే నా పాట సంగతి ఎత్తకుండా ఉండాల్సింది."

అందరూ నవ్వారు.

"ఇంకోటి సార్. స్కిప్ తీసేద్దాం. ముగ్గురికీ."

సార్ నవ్వు ఆగిపోయింది. "ముగ్గురికీనా? మెషీనే చెడిపోతే?"

"చేత్తో గేటు మూస్తారు," అన్నాడు బోనార్. "మీకు వచ్చుగా సార్ ఇప్పుడు."

సార్ తన అరచేతులు చూసుకున్నారు. బొబ్బలు ఇంకా ఎండలేదు.

"తీసేయండి," అన్నారు.

అందరూ చూస్తుండగానే తీసేశాను.

జూన్ 12, గురువారం

నిన్న పౌర్ణమి. మధ్యాహ్నం పోటు బాగానే లేచింది. తెర మీద గేట్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పొద్దున పక్క సీటు కుర్రవాడి మార్పుకు రెండుసార్లు ఎర్ర గుర్తు పడింది. గొణుక్కున్నాడు, సరిచేశాడు, మూడోసారి పచ్చ గుర్తు రాగానే భోజనానికి వెళ్ళిపోయాడు. నన్నెవరూ పిలవలేదు. సాయంత్రం నా టేబుల్ మీద కొబ్బరి, బెల్లం పెట్టి ఆకులో ఉడికించిన పిండివంట పొట్లం ఉంది. మెడాన్ వాళ్ళు చేసేది. చీటీ ఏమీ లేదు.

ఈ రోజు దాన్ని పట్టుకుని కింది ఊరికి దిగాను. అక్క కుర్బానీ పండుగ మాంసం ఇంకా మిగిలిందని పులుసు పెట్టింది. కొట్టు నిండా జనం. నేల పొడిగా ఉంది. నా ముందు ఆకు పెడుతూ అడిగింది.

"ఈ నెల పోటు రాలేదేమే? ఎప్పుడొస్తుందో కాస్త చూసి చెప్పు, బల్లలు ఎత్తుకోవాలి."

"నిన్ననే వచ్చింది అక్కా."

నమ్మలేదు. వీధిలోకి వెళ్ళి, అటూ ఇటూ చూసి వచ్చింది.